కొత్త ఎలక్ట్రానిక్ మ్యూజిక్ కంట్రోలర్లు: కొనేముందు అందరూ అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో పెళ్లి సంగీత్‌లకు ప్యాడ్స్ వాయించేవాళ్లు, కృష్ణానగర్ వైపు చిన్న స్టూడియోల్లో ప్రోగ్రామింగ్ చేసేవాళ్లు, ఆఫీసు అయ్యాక ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ట్యూన్లు కట్టేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్నలివి. ఏ కంపెనీ తరఫునా రాయడం లేదు. కొన్ని జవాబులు పొడుగ్గా ఉన్నాయి, ఎందుకంటే అక్కడే జనం డబ్బులు పోగొట్టుకుంటున్నారు.

అన్నా, కంట్రోలర్ కొంటే సౌండ్ వస్తదా?

రాదు. ఇది టీవీ రిమోట్ లాంటిది. ఏ నోటు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే పంపుతుంది. శబ్దం పుట్టేది ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్‌లోనో, ఫోన్ యాప్‌లోనో, పక్కనున్న సౌండ్ మాడ్యూల్‌లోనో. ఆర్కెస్ట్రా స్టేజీల మీద కనిపించే రోలాండ్ ఎక్స్‌పీఎస్-10, యమహా పీఎస్‌ఆర్-ఐ సిరీస్ లాంటివి కంట్రోలర్లు కావు, పూర్తిస్థాయి కీబోర్డులు. వాటి టోన్లు వాటి లోపలే ఉంటాయి. రేపు సాయంత్రం షో పెట్టుకుని ఈరోజు కొంటున్నారంటే కంట్రోలర్ జోలికి పోకండి, కీబోర్డే కొనండి.

మామూలు కీబోర్డ్ ఉండగా ఈ కొత్తవన్నీ ఎందుకు పుట్టుకొచ్చాయి?

పియానో కీ నొక్కాక ఆ నోటు మీద మనకు దాదాపు ఏ అధికారమూ మిగలదు. మోగుతూ మోగుతూ అదే ఆరిపోతుంది. పియానోకి అది సరిపోయింది. కానీ వీణ, వయొలిన్, నాదస్వరం, మనిషి గొంతు తీసుకోండి. వీటిలో అసలు పని నోటు మొదలయ్యాకే ఉంటుంది. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని ప్రసారాల్లోకి రానివ్వకపోవడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి: ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారలేదు, గమకం పలకదు. నిషేధం న్యాయమా కాదా అన్నది వేరే గొడవ. ఫిర్యాదులో మాత్రం నిజముంది.

ఎలక్ట్రానిక్ వాద్యాలు వచ్చాక ఆ ఇబ్బంది వైర్లలోకి కూడా ఎక్కింది. 1983లో అమెరికాలోని నామ్ అనే వాద్యాల ప్రదర్శనలో ప్రాఫెట్-600, జూపిటర్-6 అనే రెండు వేర్వేరు కంపెనీల సింథసైజర్లను ఒక కేబుల్‌తో కలిపి చూపించారు. అదే మిడి, అంటే ఎలక్ట్రానిక్ వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. ఇవాళ్టికీ అదే నడుస్తోంది. అయితే దాన్ని రాసినవాళ్ల మనసులో ఉన్నది కీబోర్డే. పదహారు చానెళ్లు, నొక్కిన బలం, వాల్యూమ్ లాంటివి 0 నుంచి 127 వరకు మెట్లు, పిచ్ బెండ్ మాత్రం చానెల్ మొత్తానికీ ఒక్కటే. ఒకే చానెల్‌లో స, గ, ప మూడూ మోగుతుంటే బెండ్ వీల్ తిప్పగానే మూడూ కలిసి వంగుతాయి. గాంధారం ఒక్కదాన్నే కదిలిద్దామంటే కుదరదు. కొత్త కంట్రోలర్లలో చాలావి ఈ ఒక్క గోడను బద్దలుకొట్టడానికి పుట్టినవే.

ఎంపీఈ అని రాసుంటుంది, అదేమిటి?

మిడి పాలిఫోనిక్ ఎక్స్‌ప్రెషన్ అన్నదానికి పొట్టి పేరు, 2018 మొదట్లో వచ్చిన ప్రమాణం. పాత మిడిలోనే ఒక ఉపాయం పన్నారు: మోగే ప్రతి నోటుకూ విడిగా ఒక చానెల్ ఇచ్చేశారు. దాంతో ఏ వేలు కదిలితే ఆ వేలి కింది నోటే వంగుతుంది. మామూలుగా వేలు పక్కకు జరిపితే శ్రుతి మారుతుంది, ముందుకూ వెనక్కూ జరిపితే టోన్ మారుతుంది, ఒత్తిడి పెంచితే ధ్వని పెరుగుతుంది.

ఈ కుటుంబంలో బాగా పేరున్నవి నాలుగు. హాకెన్ కంటిన్యుయంలో కీలే ఉండవు, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకటే మెత్తటి పట్టీ, ఏ.ఆర్. రెహమాన్ కచేరీల్లో దాన్ని వాయించడం మీరు చూసే ఉంటారు. రోలీ సీబోర్డ్ కీబోర్డ్ ఆకారంలోనే ఉంటుంది గానీ పైనంతా సిలికాన్. రోజర్ లిన్ తయారుచేసిన లిన్‌స్ట్రుమెంట్‌లో 200 చదరపు గళ్లుంటాయి. ఎక్స్‌ప్రెసివ్ ఈ వాళ్ల ఆస్మోస్‌వి చూడ్డానికి మామూలు కీలే, కాకపోతే అవి పక్కకు ఊగుతాయి.

షాపువాళ్లు చెప్పనిది ఒకటుంది. కంట్రోలర్ ఎంపీఈ పంపితే చాలదు, మీ ప్లగిన్‌కూ (ల్యాప్‌టాప్‌లో వాద్యం శబ్దం పుట్టించే సాఫ్ట్‌వేర్), మీరు వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కూ కూడా ఎంపీఈ అర్థం కావాలి. లేకపోతే ఖరీదైన సీబోర్డ్ మామూలు కీబోర్డ్ కన్నా అధ్వానంగా పలుకుతుంది. మీ దగ్గరున్న ప్లగిన్ల జాబితా రాసుకుని, ఒక్కొక్కటీ చూసుకున్నాకే డబ్బు కట్టండి.

దీనిమీద త్యాగరాజ కీర్తన వాయించొచ్చా? గమకాలు పలుకుతాయా?

పలుకుతాయి. కానీ డబ్బా తెరిచిన రోజున పలకవు.

తోడిలో గాంధారాన్ని తీసుకోండి. అది ఒకచోట నిలబడి ఉండే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. సీబోర్డ్ మీదో లిన్‌స్ట్రుమెంట్ మీదో రిషభం దగ్గర వేలుంచి మధ్యమం వైపు ఊపితే ఆ ఊగడం వస్తుంది. ఇక్కడ ముందుగా అడ్డుపడేది ఒక సెట్టింగ్. చాలా కంట్రోలర్లలో వేలు ఎక్కడ ఆగినా దగ్గర్లోని స్వరానికి లాక్కెళ్లే పిచ్ క్వాంటైజ్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే గమకం మెట్లుమెట్లుగా, కుదుపుతో వస్తుంది. ఆఫ్ చేస్తే గమకం జారుతుంది గానీ, ఇక స్వరస్థానం చూసుకోవలసింది మీ చెవే. షడ్జ పంచమాలు కూడా తప్పుతాయి. వయొలిన్ నేర్చుకునే పిల్లలు మొదటి ఏడాది పడే కష్టమంతా అప్పుడు మీ నెత్తిన పడుతుంది.

రెండో సెట్టింగ్ బెండ్ రేంజ్. ఎంపీఈలో మామూలుగా ఇది పైకి 48, కిందికి 48 అర్ధస్వరాలు. పిచ్ బెండ్‌కు 16,384 మెట్లున్నాయి గనక అర్ధస్వరానికి 170 మెట్లు వస్తాయి, చెవికి మెట్టు తెలియదు. కంట్రోలర్‌లో 48 పెట్టి ప్లగిన్‌లో 2 అలాగే వదిలేస్తే ఎంత లాగినా స్వరం కదలనట్టే ఉంటుంది. తిరగేసి పెడితే ఒక్క కదుపుకే సైరన్ మోగుతుంది. కంట్రోలర్ పాడైందని షాపుకు తిరిగొచ్చే కేసుల్లో ఇది తరచూ కనిపిస్తుంది.

మూడోది సెట్టింగ్‌తో పోయేది కాదు. వీణ సాంపిల్ అంటే ఎవరో ఒక స్వరాన్ని మీటగా రికార్డు చేసిన ముక్క. దాన్ని మూడు స్వరాల పైకి వంచితే తీగతోపాటు కుండ ధ్వని కూడా పైకి జరిగిపోతుంది, బొమ్మ వీణలా వినిపిస్తుంది. వాద్యం భౌతిక ధర్మాలను లెక్కగట్టి ధ్వని పుట్టించే ఫిజికల్ మోడలింగ్ ప్లగిన్లు ఈ విషయంలో చాలా నయం. కాబట్టి గమకం బాగా లేదంటే తప్పు వేలిదా, కంట్రోలర్‌దా, సాంపిల్‌దా అన్నది ముందు తేల్చుకోవాలి. నా అనుభవంలో ఎక్కువసార్లు సాంపిల్‌దే.

ఒక్కమాట. కీబోర్డ్ సత్యనారాయణన్ మామూలు కీబోర్డ్ మీదే పిచ్ బెండ్ పట్టుకుని పూర్తి కర్ణాటక కచేరీలు చేస్తున్నారు. చిక్కడపల్లి గానసభలో వాయించాలని కలలు కనేవాళ్లు, ఎంపీఈ కొనకముందు బెండ్ వీల్ మీద ఒక వర్ణం పట్టుబట్టి చూడండి.

ప్యాడ్ మీద తీన్మార్ కొడితే డప్పు అవుతదా?

ఈ ప్రశ్న బోనాల ముందు ఎక్కువగా వస్తుంది.

మనం ప్యాడ్ ఏదైనా ఆక్టోప్యాడ్ అనేస్తాం గానీ, ఆ పేరుతో రోలాండ్ 1985లో తెచ్చిన మొదటి ప్యాడ్-8కి సొంత సౌండే లేదు. ఎనిమిది రబ్బరు గళ్లున్న అచ్చమైన మిడి కంట్రోలర్ అది. తర్వాత్తర్వాత సౌండ్లు లోపలే వచ్చాయి, సొంత సాంపిల్స్ ఎక్కించుకునే మోడళ్లు వచ్చాయి. ఇవాళ డప్పు, మర్ఫా, డోలక్, తబలా, అవసరమైతే జనం ఈలలు కూడా ఒకే ప్యాడ్‌లో ఉంటాయి. ఒక్క మనిషి, ఒక్క స్టాండు, రెండు పుల్లలు. ఈవెంట్ మేనేజర్ ఎందుకు వద్దంటాడు?

డప్పు కొట్టేవాళ్ల చేతులు దగ్గర్నుంచి చూడండి. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నటి సిటికెన పుల్ల. సిర్ర నడిమధ్యన పడితే ఒక మోత, అంచున పడితే ఇంకో మోత. సిటికెన పుల్లను చర్మానికి ఆనించి ఉంచినప్పుడు సిర్ర దెబ్బ మూసుకుపోయినట్టు వస్తుంది, తీసేస్తే విచ్చుకుంటుంది. ప్యాడ్‌కు ఇదేదీ తెలియదు. ఎంత గట్టిగా తగిలిందన్నదొక్కటే దానికి తెలుస్తుంది. ఎక్కడ, ఏ కోణంలో, ఇంకో పుల్ల ఎక్కడుంది అన్నవి చాలా ప్యాడ్లకు అందవు. అందుకే తెలివైనవాళ్లు మూసిన దెబ్బ ఒక గడిలో, విచ్చిన దెబ్బ ఇంకో గడిలో, అంచు దెబ్బ మూడో గడిలో పెట్టుకుంటారు. గట్టిగా కొడితే ఒక సాంపిల్, మెల్లగా కొడితే ఇంకోటి వచ్చేలా పొరలు పెడతారు. అలా కష్టపడి కట్టుకున్న కిట్ బాగానే వినిపిస్తుంది. ఫ్యాక్టరీ డప్పు టోన్ ఒక్కటే పెట్టుకుని అరగంట కొడితే అన్ని దెబ్బలూ ఒకేలా ఉండి చెవి విసిగిపోతుంది.

ప్యాడ్‌దే పైచేయి అయిన చోటు కూడా ఉంది. ఆషాఢం వానలో డప్పు చర్మం మెత్తబడితే మంట వేసి కాచుకోవాలి. ప్యాడ్ శ్రుతి దిగదు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అర్ధరాత్రి సాధన చేసుకోవచ్చు, పై ఫ్లాట్ ఆంటీ తలుపు కొట్టదు. సంగీత్‌లో పాట పాటకూ వాద్యం మార్చొచ్చు. ఊరేగింపులో నడుస్తూ వాయించాలంటే మాత్రం డప్పుకు సాటి వచ్చే ఎలక్ట్రానిక్ సరుకు నేనింకా చూడలేదు. పాటలో తీన్మార్ ప్రాణమైతే నలుగురు డప్పు కళాకారులను పిలవండి, ప్యాడ్‌ను పక్కన ఉంచండి.

చేతికి గ్లోవ్స్ వేసుకుని, కెమెరా ముందు గాలిలో చేతులు ఊపి వాయించేవి ఎలా ఉంటాయి?

చూడ్డానికి అద్భుతం, వాయించడానికి నరకం.

ముట్టుకోకుండా వాయించే వాద్యం కొత్తదేమీ కాదు. లియాన్ థెరెమిన్ 1920 ప్రాంతంలోనే రష్యాలో తయారుచేశాడు, దాని పేరూ థెరెమినే. చేయి దగ్గరికి తెస్తే శ్రుతి పెరుగుతుంది. నూరేళ్లు దాటినా దాన్ని శ్రుతి తప్పకుండా వాయించేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందరికన్నా గొప్పగా వాయించిన క్లారా రాక్‌మోర్ అంతకుముందు వయొలిన్ విద్వాంసురాలు. చెవి ముందే తయారై ఉంది. గాలిలో వేలికి తగిలేదేమీ ఉండదు, మెట్టు ఉండదు, తీగ ఉండదు. వేలు దారితప్పిందని వేలికి తెలియదు, చెవికి తెలిసేసరికి తప్పు స్వరం బయటికి వచ్చేసి ఉంటుంది.

గాయని ఇమోజెన్ హీప్ బృందం తయారుచేసిన మి.ము గ్లోవ్స్ లాంటివి వేరే పనికి బాగుంటాయి. గొంతుకు ఎకో పెంచడం, లూప్ మొదలుపెట్టడం, ఫిల్టర్ తెరవడం లాంటివి. వీటిలో కొద్దిగా అటూ ఇటూ అయినా కొంప మునగదు. కెమెరాతో నడిచేవి స్టేజీ లైట్లు మారగానే తికమకపడతాయి, పొగ వదిలితే మరీను. పెళ్లిలో పొగ వదలకుండా ఎవరున్నారు?

వాయించిన తర్వాత సౌండ్ లేటుగా వస్తోంది. కంట్రోలర్ తప్పా?

తొంభై పాళ్లు కాదు. తప్పు సాధారణంగా కంప్యూటర్ ఆడియో బఫర్‌ది, అంటే శబ్దాన్ని బయటికి వదిలేముందు కంప్యూటర్ పోగుచేసుకునే ముక్కది. 44,100 శాంప్లింగ్ రేటులో బఫర్ 128 పెడితే సుమారు 3 మిల్లీసెకన్లు, 512 పెడితే దాదాపు 12. దీనికి ఇంకొన్ని ఆలస్యాలు తోడవుతాయి. పది మిల్లీసెకన్లంటే శబ్దం గాలిలో సుమారు మూడున్నర మీటర్లు నడిచే సమయం, అంటే స్టేజీ మీద స్పీకరు అంత దూరంలో ఉన్నట్టు. సాగే సింథ్ టోన్లు వాయించేవాళ్లకు పరవాలేదు. అంతకు రెట్టింపైతే తబలా చాపు తాళం తప్పినట్టే ఉంటుంది.

విండోస్ ల్యాప్‌టాప్‌లో ఆడియో ఇంటర్‌ఫేస్‌తో వచ్చే ఆసియో డ్రైవర్ (ఆలస్యం తగ్గించే ఆడియో సాఫ్ట్‌వేర్) వాడండి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ తీసేయండి. చాలామంది కంట్రోలర్‌ను తిట్టుకుంటూ చెవిలో బ్లూటూత్ పెట్టుకుని కూర్చుంటారు. ఆ ఆలస్యం వంద మిల్లీసెకన్లు సులభంగా దాటుతుంది.

కంపెనీ మూతపడితే ఏం చేయాలి?

భయం న్యాయమైనదే. సీబోర్డ్ చేసే రోలీ 2021లో ఆర్థిక ఇబ్బందులతో అడ్మినిస్ట్రేషన్‌లోకి (దివాలా ప్రక్రియలోకి) వెళ్లి, తర్వాత మళ్లీ నిలదొక్కుకుంది. కొత్త ఆకారం, కొత్త ఆలోచన అంటే చిన్న కంపెనీ. చిన్న కంపెనీ అంటే విడిభాగాలు హైదరాబాద్‌లో దొరకవు. సెన్సర్ పట్టీ పోతే సరుకు విదేశానికి పంపాలి, కస్టమ్స్, కొరియర్, రెండు నెలలు.

డ్రైవర్ అక్కర్లేకుండా యూఎస్‌బీ పెట్టగానే పనిచేసే క్లాస్ కంప్లయంట్ పరికరమేనా అని చూడండి. సెట్టింగులు యాప్‌లోంచి మాత్రమే మార్చగలిగితే, ఆ యాప్ అప్‌డేట్లు ఆగిన రోజున సగం వాద్యం చచ్చిపోయినట్టు. ఈ విషయంలో అన్ని సెట్టింగులూ వాద్యం మీదే మార్చుకునే లిన్‌స్ట్రుమెంట్ నాకు నచ్చుతుంది. మన దుమ్ముకు సిలికాన్ ఇట్టే మురికి పడుతుంది, బాగా పిండిన తడిగుడ్డతో తుడవండి, వాడనప్పుడు కప్పి పెట్టండి.

చేయి తిరగడానికి ఎన్నాళ్లు పడుతుంది?

వీణకు ఎన్నాళ్లో దీనికీ దాదాపు అంతే. ఈ మాట చెబితే ముఖాలు వాడిపోతాయి. ప్రకటనల్లో ఎవరైనా వెంటనే వాయించొచ్చంటారు. అయిదు నిమిషాల్లో వచ్చేసే వాద్యం అయిదు వారాల్లో విసుగొస్తుంది.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో కర్ణాటక కచేరీ చేసేనాటికి, ఆ చిన్న ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు కర్ణాటక సంగీతంలో దారీ తెన్నూ లేవు. జంట తీగలు తీసేసి అయిదు తీగలకు మార్చుకున్నారు, తర్వాత అదే పట్టుకుని జీవితమంతా వాయించారు. కొత్త కంట్రోలర్ల లోకంలో దీనికి పూర్తి వ్యతిరేకం జరుగుతుంది. 2001లో మొదలైన నైమ్ అనే కొత్త సంగీత వాద్యాల పరిశోధన సదస్సులో ఏటా ఎన్నో కొత్త వాద్యాలు చూపిస్తారు. వాటిలో చాలావాటిని తయారుచేసినవాడు తప్ప ఇంకొకరు వాయించరు, అతనూ మరుసటేడు ఇంకోటి తయారుచేసుకుంటాడు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన మైకెల్ వైస్విస్ 1984లో చేతులకు తగిలించుకునే ద హ్యాండ్స్ అనే కంట్రోలర్ చేసి, ఏళ్ల తరబడి దాంతోనే స్టేజీ ఎక్కాడు. అలాంటివాళ్లు అరుదు.

మ్యాపింగ్ (ఏ కదలికకు ఏది మారాలన్న ఏర్పాటు) వారానికోసారి మార్చడం మానేయండి. ఒత్తిడికి వాల్యూమ్ అనుకుంటే ఆరు నెలలు వాల్యూమే. వేలుకు అలవాటయ్యేలోపు అర్థం మార్చేస్తే ఎప్పటికీ మొదటి రోజే.

స్టేజీ మీద నేను ఏం చేస్తున్నానో జనానికి అర్థం కావట్లేదు. ఏం చేయను?

డోలక్ మీద చేయి పడింది, శబ్దం వచ్చింది: చూసేవాడికి లెక్క సరిపోతుంది. గడుల పెట్టె మీద వేలాన్చగానే పదహారు బార్ల ఆర్కెస్ట్రా మోగితే, వీడు ప్లే బటన్ నొక్కాడనుకుంటారు. అనుకోవడంలో తప్పు లేదు, చాలాసార్లు అదే నిజం. కంట్రోలర్‌ను జనం వైపు వంచి పెట్టండి, మొదటి పాటలో ఒక్క వేలు, ఒక్క స్వరంతో మొదలుపెట్టండి.

హైదరాబాద్‌లో సొంతంగా తయారు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, నేనైతే ఒక్కసారైనా చేయమంటాను. కోఠి గుజరాతీ గల్లీలో, సికింద్రాబాద్ చెనోయ్ ట్రేడ్ సెంటర్ చుట్టుపక్కల తిరిగితే కేబుళ్లు, పార్టులు దొరుకుతాయి. ఒక పీజో బిళ్ల (దెబ్బను కరెంటు సంకేతంగా మార్చేది), దానికి అడ్డంగా ఒక మెగా ఓమ్ రెసిస్టర్, ఒక ఆర్డుయినో (ప్రోగ్రాం రాసి పెట్టుకునే చిన్న సర్క్యూట్ బోర్డు), పైన పాత మౌస్‌ప్యాడ్ రబ్బరు. ప్యాడ్ తయార్. ఆర్డుయినోల్లో పాత ఊనో (ఆర్3) నేరుగా యూఎస్‌బీ మిడిగా కనిపించదు, లియోనార్డో లేదా ప్రో మైక్రో తీసుకోండి. పెట్టె చక్కగా కావాలంటే 2023లో రాయదుర్గంలో మొదలైన టీ-వర్క్స్‌లో నమూనాలు చేసుకునే యంత్రాలున్నాయి.

ఒక్క దెబ్బకు రెండు నోట్లు మోగడం అందరికీ ఎదురవుతుంది. కొట్టాక పీజో కాసేపు వణుకుతూనే ఉంటుంది, ప్రోగ్రాం ఆ వణుకును కొత్త దెబ్బ అనుకుంటుంది. నోటు పంపాక కొన్ని మిల్లీసెకన్లు చెవులు మూసుకోమని కోడ్‌లో రాయాలి. ఆ విరామం ఎక్కువైతే వేగంగా కొట్టిన ఫరణ్‌లు ఎగిరిపోతాయి, తక్కువైతే డబుల్ వస్తుంది. షాపులో ప్యాడ్ అంత ధర ఎందుకో అప్పుడు తెలుస్తుంది.

సినిమా పనిలో వీటి అవసరం ఎంత?

ప్రోగ్రామింగ్‌కు వచ్చేవాళ్లలో ఎక్కువమందికి నొక్కిన బలాన్ని (వెలాసిటీని) బాగా పట్టుకునే కీలు, పైకీ కిందికీ జరిపే నాలుగు మీటలు (ఫేడర్లు) చాలు. ఫేడర్లు ఎందుకంటే, వయొలిన్ సెక్షన్ సాంపిల్స్ ఉబ్బడం, తగ్గడం వాటితోనే నడుస్తుంది. ఎంపీఈ ఉపయోగపడేది సోలోకి: వేణువు, సారంగి లాంటి ట్రాక్‌లు. డెమోలో వాయించి డైరెక్టర్‌ను ఒప్పించాక, ఫైనల్‌కు అసలు వేణువు విద్వాంసుడిని పిలిపించే పద్ధతి ఇంకా బతికే ఉంది. బతకాలనే నా కోరిక.

మిడి 2.0 వచ్చేదాకా ఆగమంటారా?

2020లోనే వచ్చింది. అన్ని సాఫ్ట్‌వేర్లూ, వాద్యాలూ దానికి మారేసరికి ఇంకా సమయం పడుతుంది. ఆగకండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏం చూడాలి?

మీ సొంత ల్యాప్‌టాప్, సొంత కేబుల్ పట్టుకెళ్లండి. మిడి మానిటర్ అనే ఉచిత ప్రోగ్రాం ఏదైనా వేసుకుని ప్రతి కీనీ మెల్లగా, గట్టిగా నొక్కి అంకెలు చూడండి. మెల్లగా నొక్కినా 127 వస్తుంటే ఆ సెన్సర్ పోయినట్టే. వేలు తీశాక కూడా ఒత్తిడి సున్నాకు రాకపోతే కొనొద్దు. యూఎస్‌బీ పోర్టును అటూ ఇటూ కదిపి చూడండి, ఎక్కువ వాద్యాలు అక్కడే చస్తాయి. ఖాతాకు ముడిపడిన సాఫ్ట్‌వేర్ ఉంటే అమ్మేవాడి ఖాతాలోంచి తీయించుకుని, మీ పేరుకు మారిందని చూశాకే ఫోన్‌పే చేయండి.